పదో రోజు ప్రశాంతత ఇంటికి రాలేదని దిగులుపడుతున్న సోదరికి

ప్రశ్న: నా వయసు 36. సొంతూరు గుంటూరు దగ్గర. పెళ్ళయినప్పటి నుంచి బెంగళూరులోనే ఉంటున్నాం. సర్జాపూర్ రోడ్డులో ఇల్లు, ఔటర్ రింగ్ రోడ్డులో ఆఫీసు. రెండేళ్ళ కిందట నాన్న పోయారు. ఆఖరి రోజుల్లో ఆయన దగ్గర లేకపోయానన్న దిగులుతో నిద్ర పట్టేది కాదు. స్నేహితురాలు చెబితే ఆరు నెలల కిందట పది రోజుల విపశ్యన (బౌద్ధ సంప్రదాయంలోని ధ్యానం) శిబిరానికి వెళ్ళాను. పదో రోజు కలిగిన ప్రశాంతత నా జన్మలో ఎరగను. ఇంటికి వచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోవాలని పట్టుబట్టాను. ఒక నెల సాగింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నిద్ర వస్తుంది, లేకపోతే ఆఫీసు గొడవలు, నాన్న ముఖం. మొన్న ధ్యానంలో ఉండగా తొమ్మిదేళ్ళ మా అబ్బాయి తలుపు కొట్టాడని వాడి మీద గట్టిగా అరిచాను. ‘ధ్యానం చేసేవాళ్ళకు ఇంత కోపమా’ అన్నారు మావారు. అత్తయ్యేమో నేను మతం మారిపోతున్నానని కంగారు పడుతున్నారు. నాకు ఆ ప్రశాంతత మళ్ళీ కావాలి. ఇంకోసారి శిబిరానికి వెళ్ళాలా? లేక ఇది నాకు సరిపడదని మానేయాలా?
– ఒక సోదరి, బెంగళూరు

సమాధానం: మానేయవద్దు. అలాగని ఇప్పుడే రెండో శిబిరానికి దరఖాస్తు పెట్టవద్దు. నిద్ర, కోపం, అత్తయ్య కంగారు, వీటన్నింటికంటే ముందు మాట్లాడుకోవలసిన మాట ఒకటి మీ ఉత్తరంలో ఉంది. ‘నాకు ఆ ప్రశాంతత మళ్ళీ కావాలి’ అన్నారు. మీ ఇబ్బందికి వేరు అక్కడే ఉందని నా నమ్మకం.

ఆ పదో రోజు ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగేది. రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆరిపోయేవి. ఫోను మొదటి రోజే అప్పగించారు. వంట ఎవరో ధర్మసేవకులు చేసిపెట్టారు, తిన్న పళ్ళెం కడుక్కోవడం తప్ప మీకు ఇంటిపని లేదు. తొమ్మిది రోజుల పాటు పక్కవాళ్ళతో మాట లేదు, సైగ లేదు. మొదటి మూడు రోజులు ముక్కుపుటాల కింద, పై పెదవి మీద ఊపిరి తగిలే ఆ కాస్త చోటు మీదే ధ్యాస. నాలుగో రోజు నుంచి నడినెత్తి మొదలు కాలివేళ్ళ దాకా ఒళ్ళంతా పరిశీలించడం. ఆఖరికి పదో రోజు అందరి మేలూ కోరే మైత్రి ధ్యానం నేర్పి మౌనం విడిపించారు. ఇన్ని కలిసివచ్చినప్పుడు మనసు నెమ్మదించడంలో వింత ఏముంది? దాన్ని భ్రమ అని నేను అనను. కారణాలు కూడాయి కాబట్టి కలిగింది, అవి విడిపోయాక పోయింది. ఆ పది రోజులూ మీ చెవిన పడిన ‘అనిచ్చ’, మన మాటలో అనిత్యం, ఇదే. మోకాళ్ళ మంట విషయంలో దాన్ని ఒప్పుకున్నారు. కదలకుండా కూర్చుని చూస్తే ఆ మంట పెరిగి, చెదిరి, మాయమవడం స్వయంగా గమనించారు. సుఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ఉండిపోవాలనుకున్నారు.

ఒంట్లో హాయి పుడితే దానికి అంటుకోవద్దని, బాధ పుడితే దాన్ని తోసెయ్యవద్దని సాయంత్రం ప్రవచనాల్లో మళ్ళీ మళ్ళీ చెప్పారు గదా. ఆ హాయి తాలూకు జ్ఞాపకానికీ ఈ సూత్రం వర్తిస్తుంది. మీరు ప్రతి ఉదయం కళ్ళు మూసుకోగానే పదో రోజును పక్కన పెట్టుకుని బేరీజు వేస్తున్నారు. దానితో పోటీపెడితే సర్జాపూర్ రోడ్డులో ఏ ఉదయమూ నెగ్గదు. ఈ స్థితిలో రెండో శిబిరానికి వెళితే ఏం జరుగుతుందో ఆలోచించండి. మళ్ళీ ఆ హాయి కలిగితే ఇల్లు ఇంకా భారమనిపిస్తుంది. కలగకపోతే అక్కడే కుంగిపోతారు. రెండూ మీకు మంచివి కావు.

ఈ పద్ధతిని మన దేశానికి తిరిగి తెచ్చిన సత్యనారాయణ గోయెంకా గారి కథ మీకు పనికివస్తుంది. బర్మాలోని మాండలేలో 1924లో పుట్టిన వ్యాపారి ఆయన. భరించలేని మైగ్రేన్ తలనొప్పితో దేశదేశాల వైద్యుల దగ్గర తిరిగి, చివరికి 1955లో సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్ళారు. తలనొప్పి తగ్గించుకోవడానికి వచ్చానంటే గురువు ఆయన్ను చేర్చుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. ఒంటి జబ్బు కుదర్చడానికి ధర్మాన్ని వాడితే దాని విలువ తగ్గించినట్టే అన్నారట. ఆ తలనొప్పి తరవాత తగ్గింది, కానీ దానికోసం కూర్చున్నంతకాలం అసలు పని మొదలుకాదని ఆ గురువు ఉద్దేశం. మీరు తలనొప్పి చోట ప్రశాంతతను పెట్టారు, అంతే తేడా. ఇంకో సంగతి కూడా గమనించండి. ఊ బా ఖిన్ కాషాయం కట్టిన భిక్షువు కాదు. స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన ప్రభుత్వ అధికారి, భార్యాపిల్లలున్న గృహస్థు. తన కార్యాలయంలో ఉద్యోగులకే ధ్యానం నేర్పారు. ఫైళ్ళ మధ్య పుట్టి పెరిగిన సాధన ఇది. అందుకే ‘నాకు సరిపడదేమో’ అన్న మీ అనుమానాన్ని నేను ఒప్పుకోను.

ఇక గంటల లెక్క. పొద్దున గంట, సాయంత్రం గంట అన్నది ఆ సంప్రదాయంలో పాత సాధకులకు, అంటే ఒకసారి శిబిరం చేసినవాళ్ళకు, చెప్పే నియమం, దాని మీద నాకు గౌరవం ఉంది. అయినా ఇప్పటికి మీరు ఉదయం 20 నిమిషాలు, రాత్రి పడుకునే ముందు 10 నిమిషాలు చాలించండి. ఈ మాటకు కొందరు పాత సాధకులు నన్ను తప్పుపడతారు. పట్టనివ్వండి. నెల రోజులు బిగబట్టి తరవాత దాన్ని చూస్తేనే విసుగు పుట్టే స్థితికి రావడం కంటే ఇది మేలు. బుద్ధుడి శిష్యుల్లో సోణుడని ఒకడుండేవాడు. సుకుమారంగా పెరిగిన శ్రీమంతుల బిడ్డ. సన్యసించాక పట్టుదలతో అటూ ఇటూ నడుస్తూ ధ్యానం చేసి పాదాలు నెత్తురోడేలా చేసుకున్నాడు. ఫలితం లేదని ఇంటికి తిరిగి వెళ్ళిపోదామనుకుంటుండగా బుద్ధుడు వచ్చి, ఇంట్లో ఉన్నప్పుడు నీకు వీణ వాయించడం వచ్చు గదా అని అడిగాడు. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదులు చేస్తే పలుకుతుందా అని అతని నోటే సమాధానం చెప్పించాడు. ఆ సంభాషణ బుద్ధుడి బోధల సంకలనమైన అంగుత్తర నికాయంలో ఉంది. సోణుడు ఆ తరవాత సాధన మానలేదు, బిగింపు మాత్రం మార్చుకున్నాడు.

ఆ 20 నిమిషాలు ఎలా ఉండాలో కాస్త వివరంగా చెబుతాను. మంచం మీద వద్దు, ఒళ్ళు దాన్ని పడకగానే గుర్తుపెట్టుకుంటుంది. హాల్లో ఒక మూల దుప్పటిని నాలుగు మడతలు వేసి పిరుదుల కింద పెట్టుకోండి, మోకాళ్ళు నేలకు ఆనాలి. ఆనకపోతే కుర్చీలో కూర్చోండి. అందులో నామోషీ ఏమీ లేదు. పాదాలు నేల మీద, వీపు కుర్చీకి ఆనకుండా ఉంటే చాలు. ఊపిరిని పొడిగించవద్దు, ఆపవద్దు, అది ప్రాణాయామం. ఇక్కడ వచ్చే ఊపిరిని వచ్చినట్టు తెలుసుకోవడమే. మీ వైపు తెల్లవారేసరికి నీళ్ళ ట్యాంకర్లు వస్తాయి గదా. ట్యాంకరు వెనక్కి వచ్చేటప్పుడు కీకీమని మోత మోగుతుంది. మొదట అది వట్టి చప్పుడు. మరుక్షణం దవడ బిగుస్తుంది. ఆ వెంటనే ‘ఈ అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళకు చెబితే వినరు’ అన్న మాట పుడుతుంది. అక్కణ్ణుంచి నెల నెలా కట్టే నిర్వహణ ఖర్చు, ఇంటి అప్పు, ఆఫీసులో ఈసారి జీతం పెరగకపోవడం. ఊపిరి ఎక్కడుందో మీకు తెలియదు. ఒక చోట, ఎక్కడో ఒక చోట, ‘అరె, ఎటో వెళ్ళిపోయాను’ అని తెలుస్తుంది. సాధన జరిగేది సరిగ్గా ఆ క్షణంలోనే. అప్పుడు తిట్టుకోకుండా దవడ వదులు చేసి ఊపిరి దగ్గరికి రండి. ఇరవై నిమిషాల్లో ఇలా ఎన్నిసార్లు జరిగినా ఆ ఉదయం వృథా పోలేదు.

నిద్ర గురించి సిగ్గుపడుతున్నట్టు రాశారు. బుద్ధుడి అగ్రశిష్యుల్లో ఒకడైన మొగ్గల్లానుడే కూర్చుని కునికిపాట్లు పడ్డాడు. ఆయనకు బుద్ధుడు వరుసగా చెప్పిన ఉపాయాలు ఎంత ఇంటిమాటల్లా ఉంటాయో చూడండి. తలపు మార్చుకో. విన్న ధర్మాన్ని తలుచుకో. దాన్ని పైకి వల్లించు. చెవితమ్మెలు లాగి ఒళ్ళు రుద్దుకో. లేచి కళ్ళు నీళ్ళతో కడుక్కుని నక్షత్రాల వంక చూడు. మనసులో వెలుగును తలుచుకో. లేచి అటూ ఇటూ నడువు. ఇవేవీ పనిచేయకపోతే కుడివైపుకు తిరిగి పడుకో, మెలకువ రాగానే లే. మీరు రాత్రి పదకొండింటి దాకా అమెరికా వాళ్ళతో కాల్స్‌లో ఉండి అయిదింటికి లేస్తుంటే ఆ కునుకు ధ్యానంలో లోపం కాదు, ఒంటికి నిద్ర బాకీ. ముందు అది తీర్చండి. నిద్ర చాలని రోజున కూర్చోవడం మాని నడవండి. అపార్ట్‌మెంటు మేడ మీద పది పదిహేను అడుగుల దూరం చాలు. పాదం లేవడం, సాగడం, ఆనడం తెలుస్తూ నడవాలి. చంక్రమణం అన్న పేరుతో ఇది బుద్ధుడి కాలం నుంచీ ఉంది, కూర్చునే ధ్యానానికి ఏమాత్రం తక్కువది కాదు.

అబ్బాయి మీద అరిచిన విషయం. మీవారి మాట మిమ్మల్ని గుచ్చింది, గుచ్చుతుంది కూడా. కానీ మీ ఉత్తరంలో ఆ అరుపు గురించి ఒక వాక్యం ఉంటే, మీరెంత పనికిరానివారో అన్న ధోరణి మిగతా ఉత్తరమంతా ఉంది. బాణం తగిలిన మనిషి ఆ నొప్పితో ఆగకుండా, దాని గురించి కుమిలిపోయి రెండో బాణం కూడా తగిలించుకుంటాడని అలాంటి మరో సంకలనమైన సంయుత్త నికాయంలో బుద్ధుడు చెప్పాడు. మీకు తగిలినవాటిలో ఎక్కువ రెండో బాణాలే. అలాగని మొదటిది చిన్నదని అనను, ఎందుకంటే అది తగిలింది పిల్లవాడికి. వాడి దగ్గర కూర్చుని ‘తప్పు నాది, నువ్వు తలుపు కొట్టడంలో తప్పేమీ లేదు’ అని చెప్పారా? ఉత్తరంలో లేదు. చెప్పకపోతే ఈ రోజే చెప్పండి. బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గంలో సమ్యక్ వాక్కు, అంటే సరైన మాట, ఒక అంగం. పరుషంగా మాట్లాడకపోవడం అందులో భాగం. కళ్ళు మూసుకుని కూర్చునే సమాధికి ఎంత చోటు ఉందో ఇంట్లో మాట్లాడే మాటకూ అంతే చోటు ఉంది. ఇక మీదట తలుపుకు గడియ వేయకండి. వాడు వస్తే రానివ్వండి, పక్కన కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు విపశ్యన కేంద్రాల్లో ఆనాపాన, అంటే ఊపిరిని గమనించడం, మాత్రమే నేర్పే శిబిరాలు వేరే ఉన్నాయి. వాడంతట వాడు అడిగితే చూడవచ్చు, మీరు మాత్రం పోరవద్దు.

నాన్నగారి గురించి రాయడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆయన ముఖం కనిపించడాన్ని మీరు ఆఫీసు గొడవలతో కలిపి, ధ్యానానికి అడ్డంకుల జాబితాలో రాశారు. అది అడ్డంకి కాదమ్మా. రెండేళ్ళుగా రోజంతా పనిలో తోసేసిన దుఃఖానికి మీరు మౌనంగా కూర్చునే ఆ కాసేపే దొరుకుతోంది. కుశీనగరంలో బుద్ధుడు ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు ఆనందుడు లోపలికి వెళ్ళి తలుపుకు ఆనుకుని ఏడ్చాడు. పాతికేళ్ళు నీడలా సేవ చేసినవాడు, అన్ని ఉపదేశాలూ విన్నవాడు. బుద్ధుడు ఆయన్ను పిలిపించాడు. పుట్టినది విడిపోక తప్పదని చెప్పాడు, నిజమే. దాంతోపాటు, ఇన్నేళ్ళూ చేతలో మాటలో మనసులో నువ్వు నాకు ప్రేమతో సేవ చేశావు, గొప్ప పుణ్యం చేసుకున్నావు అని కూడా చెప్పాడు. ఆ రెండో మాట మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆఖరి వారం దగ్గర లేరు, సరే. అంతకు ముందు ముప్ఫై నాలుగేళ్ళు ఆయన కూతురిగా ఉన్నారు గదా. ఆయన ముఖం కనిపించినప్పుడు ఊపిరి వైపు పారిపోకండి. ఆ దుఃఖం ఒంట్లో ఎక్కడుందో చూడండి, గొంతులోనా, రొమ్ము మధ్యనా. కన్నీళ్ళు వస్తే రానివ్వండి. ఆ తరవాత కాసేపు ఆయన పేరుతో మైత్రి భావన చేయండి.

నేను ఈ ఊళ్ళోనే చాలా ఏళ్ళుగా ధ్యానానికి కూర్చుంటున్నాను. మనసు నిమ్మళంగా ఉన్న ఉదయాలు నాకూ ఉన్నాయి, వాటివల్ల కలిగిన లాభం ఏమిటో మాత్రం ఇదీ అని చెప్పలేను. అమ్మను ఆసుపత్రిలో చేర్చిన రోజుల్లో కలిగిన లాభం బాగా చెప్పగలను. వార్డు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే భయం పొట్టలో, బొడ్డుకు కాస్త పైన ముడిలా పట్టేసేది. దాన్ని అక్కడే చూస్తూ ఊపిరి తీసుకునేవాణ్ణి. ముడి విప్పుకునేది కాదు. కానీ డాక్టరు పిలిచి చెప్పిన మాటలు మొదటి నుంచి చివరి దాకా వినగలిగాను, తిరిగి వచ్చి తమ్ముడికి ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగాను. ఆ పని కోసమే ఇన్నేళ్ళూ కూర్చున్నానేమో అని అప్పుడు అనిపించింది.

అత్తయ్యగారి కంగారును తేలికగా తీసుకోవద్దు. శిబిరం మొదట్లో త్రిశరణాలు (బుద్ధుణ్ణి, ధర్మాన్ని, సంఘాన్ని శరణు కోరడం), పంచశీల (అయిదు నియమాలు) చెప్పించి ఉంటారు, పది రోజులూ జపాలు, పూజలు ఆపమని కూడా అని ఉంటారు. ఆ సంగతి సగం సగం విన్న పెద్దావిడకు భయం వేయడం సహజం. దాచకుండా చెప్పండి. ఆ నిషేధం శిబిరం వరకేనని, పద్ధతిని పద్ధతిగా నేర్చుకోవడానికి పెట్టిందని, మతం మారమని ఎవరూ అడగలేదని చెప్పండి. ఇంట్లో దీపం మీరే పెట్టే అలవాటుంటే అది మానవద్దు. ఆమెది కూడా గుంటూరు వైపే అయితే అమరావతి వెళ్ళే ఉంటారు. అమరేశ్వరుడి గుడి, మహాస్తూపం అక్కడ ఒక్క ఊళ్ళోనే ఉన్నాయి, ఒకదాని నుంచి ఒకదానికి నడిచిపోవచ్చు. భట్టిప్రోలు, నాగార్జునకొండ, అటు విశాఖ దగ్గర తొట్లకొండ, బావికొండ, ఇవన్నీ మన నేల మీద భిక్షువులు వందల ఏళ్ళు నివసించిన చోట్లు. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు అత్తయ్యను వెంటబెట్టుకుని ముందు అమరేశ్వరుడి దర్శనం చేయించి, తరవాత స్తూపం దగ్గరికి తీసుకెళ్ళండి. బోధలు చేయకండి, ఊరికే చూపించండి.

మీ ఉత్తరంలో ఎక్కడా తోటి సాధకుల మాట లేదు. ఈ ఆరు నెలలూ ఒంటరిగా లాక్కొచ్చారని నాకు అర్థమైంది. మంచి స్నేహితులు దొరకడం ఈ ధర్మజీవనంలో సగభాగమని ఆనందుడు అంటే, అలా అనకు, మొత్తం అదే అని బుద్ధుడు సరిదిద్దాడు. బెంగళూరులో ఉంటూ ఈ విషయంలో లోటు పడనవసరం లేదు. తుమకూరు రోడ్డు వైపు ఆలూరులో ధమ్మ పఫుల్ల కేంద్రం ఉంది. ఒకసారి శిబిరం చేసినవాళ్ళకు ఒక్కరోజు శిబిరాలు, ఊళ్ళో సామూహిక సాధనలు ఉంటాయి, మీ ప్రాంతంలో ఎక్కడో కనుక్కోండి. గాంధీనగర్‌లో ఆచార్య బుద్ధరక్షిత 1956లో స్థాపించిన మహాబోధి సొసైటీ ఉంది. సినిమా హాళ్ళ రద్దీ దాటి ఆ ఆవరణలోకి అడుగుపెట్టి కాసేపు కూర్చుని రావచ్చు. ఫోనులో ధ్యానం నేర్పే యాప్‌ల మీద నాకు కోపమేమీ లేదు, గంట కొట్టడానికి బాగానే పనికివస్తాయి. ‘వరుసగా ఇన్ని రోజులు’ అని అవి చూపించే లెక్కను మాత్రం ఆపేయండి, మీలాంటి పట్టుదల మనిషికి అది విషం.

ఒక్క హెచ్చరిక. కూర్చున్న తరవాత గుండెదడ, భయం పెరుగుతున్నా, వరసగా రాత్రులు నిద్ర లేకపోతున్నా, బతకాలనిపించని ఆలోచనలు వస్తున్నా ధ్యానంతో నెగ్గుకొద్దామని చూడవద్దు. కూర్చోవడం ఆపి మానసిక వైద్యులను కలవండి. మీ ఊళ్ళోనే మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. ఏ వేళలోనైనా 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయవాణిలో తెలుగులో మాట్లాడేవాళ్ళు దొరుకుతారు. వైద్యం తీసుకోవడం వల్ల సాధనకు భంగం ఏమీ లేదు.

రెండో శిబిరం సంగతి ఒక ఏడాది ఆగి చూద్దాం. ఈలోగా చిన్న సాధన నిలబడి, పదో రోజు గురించి అడిగితే ‘అవును, బాగుండేది’ అని మామూలుగా చెప్పగలిగితే అప్పుడు వెళ్ళండి. అబ్బాయి సెలవులు చూసుకుని, మీవారితో ముందే మాట్లాడుకుని తేదీ ఎంచుకోండి. దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడిగిన చోట ఈ నిద్రలేమి, నాన్నగారు పోయిన తరవాత పడిన బాధ, మందులేవైనా వాడుతుంటే అవి, ఏదీ వదలకుండా రాయండి.